యాజమాన్యం నేర్చుకుందాం – 4వ పాఠం: ఈ మాట ఎవరు చెప్పాలి?

పోయిన పాఠంలో మీ కొట్లోనో ఆఫీసులోనో వారం పాటు ఒక నోట్‌బుక్ పెట్టి, "ఏం చేయమంటారు?" అని ఎవరు ఎవర్ని అడిగినా రాసుకోమన్నాను. రాయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. అది లేకుండా ఈ పాఠం చదివితే పెద్దగా ఉపయోగం ఉండదు. రాసినవాళ్లు పుస్తకం పక్కన పెట్టుకోండి.

ఏ నిర్ణయం ఎవరు, ఎంతవరకు అడక్కుండా తీసుకోవచ్చో ఒక పట్టిక రాసుకోవడమే ఈ పాఠం. ముందు రెండు సంఘటనలు చెబుతాను. రెండూ నేను దగ్గరుండి చూసినవే.

మా బాబాయికి పైపులు, శానిటరీ సామాను అమ్మే హోల్‌సేల్ కొట్టు ఉండేది. చదువు అయ్యాక ఆరేళ్లు అక్కడే చేశాను. ఒక మాఘమాసంలో ఆయన తెనాలిలో పెళ్లికి వెళ్లారు. పదకొండింటికి ఒక ప్లంబింగ్ మేస్త్రీ వచ్చాడు, ఎనిమిదేళ్లుగా మా దగ్గరే కొంటున్నవాడు. రూ.40,000 సరుకు కావాలి, సగం ఇప్పుడిస్తాను, మిగతాది ఇంటాయన దగ్గర బిల్లు రాగానే ఇస్తానన్నాడు. గల్లా దగ్గర గుమాస్తా గారు ఉన్నారు. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆ మేస్త్రీది ఏ ఊరు, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది, మాట మీద నిలబడే మనిషా కాదా, అన్నీ ఆయనకు తెలుసు. అయినా బాబాయికి ఫోన్ చేశారు. మేళాల హోరులో ఆయన ఎత్తలేదు. మూడుసార్లు చేసి, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, "పెద్దాయన వచ్చాక చూద్దాం మేస్త్రీ" అన్నారు. మేస్త్రీ ఏమీ అనకుండా ఎదురు కొట్టుకు వెళ్లిపోయాడు. సాయంత్రం బాబాయి వచ్చి "ఆ మాత్రం ఇవ్వలేకపోయారా?" అని కేకలేశారు. అంతకుముందు నెల అడక్కుండా రూ.15,000 అప్పిచ్చినందుకు కేకలేసిందీ ఆయనే.

తర్వాత హైదరాబాద్ శివార్లలో ఒక బహుళజాతి కంపెనీ గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా చేరాను. అక్కడ సరుకు లాగే చేతి ట్రాలీకి చక్రం విరిగింది. రిపేరుకు రూ.3,800. మెకానిక్ షెడ్డు గేటు ఎదురుగానే ఉంది. కానీ అతను కంపెనీలో రిజిస్టరైన వెండర్ (సరఫరాదారు) కాదు. అతనితో పని చేయించాలంటే ఇవన్నీ కావాలి: పాన్ కార్డు, జీఎస్టీ నంబరు, క్యాన్సిల్ చేసిన చెక్కు, మూడు కొటేషన్లు, బెంగళూరు నుంచి అప్రూవల్, ఆపైన పర్చేజ్ ఆర్డరు (ఫలానాది ఇంతకు కావాలని కంపెనీ రాసిచ్చే కాగితం). మొత్తం 11 రోజులు పట్టింది. అన్నాళ్లూ కుర్రాళ్లు అట్టపెట్టెలు భుజాన మోశారు. మా బాబాయి అయితే టీ చల్లారేలోపు బాగు చేయించేవారు.

బాబాయి కొట్లో అధికారం మనిషి దగ్గర ఉంది. ఆయన ఉంటే పని చకచకా అయిపోతుంది, ఆయన లేకపోతే ఆగిపోతుంది. కంపెనీలో అధికారం కుర్చీకి ఉంది. మేనేజరు సెలవు పెట్టినా ఇంకొకరి సంతకంతో పని నడుస్తుంది, కానీ ఆ కుర్చీకి రాసిచ్చిన లిమిట్ దాటితే రూపాయి కదలదు. ఏ కుర్చీకి ఎంత లిమిట్ అని రాసిన పట్టికనే కంపెనీల్లో డెలిగేషన్ ఆఫ్ అథారిటీ అంటారు, వాడుకలో డీఓఏ.

ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. అమెరికాలో ఎన్రాన్, వరల్డ్‌కామ్ అనే పెద్ద కంపెనీల లెక్కల మోసాలు బయటపడ్డాక 2002లో సర్బేన్స్–ఆక్స్‌లీ చట్టం తెచ్చారు. లెక్కలు సరైనవేనని సీఈఓ, సీఎఫ్ఓ (డబ్బు లెక్కలు చూసే పెద్ద అధికారి) స్వయంగా సంతకం చేయాలి. అక్కడి స్టాక్ ఎక్స్‌ఛేంజీల్లో లిస్టయిన విదేశీ కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. పైవాడు సంతకం పెట్టాలంటే కింద ప్రతి రూపాయికీ ఒక సంతకం ఉండి తీరాలి కదా. 1984లో అంజిరెడ్డి గారు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజీలో లిస్టయింది. మరుసటి ఏడాదే ఈ చట్టం వచ్చింది. 2019లో ఆ కంపెనీకి కుటుంబంతో సంబంధం లేని ఎరెజ్ ఇజ్రేలీ సీఈఓ అయ్యారు. కుటుంబం పక్కకు తప్పుకోలేదు, అప్పుడూ అంజిరెడ్డి గారి అబ్బాయి, అల్లుడు బోర్డు నడిపించే స్థానంలోనే ఉన్నారు. అంటే కుటుంబ సంస్థ అయినంత మాత్రాన అన్నీ ఒక్క మనిషి నోటి మీద నడవాలని ఏమీ లేదు.

ఇక మన పట్టిక. నోట్‌బుక్‌లో రాసిన ప్రశ్నల్ని రకాలుగా విడదీయండి. బాబాయి కొట్లో ఎక్కువ భాగం నాలుగే తేలాయి: అప్పు, రేటులో తగ్గింపు, సరుకు వాపసు, ఆటో కిరాయి. ఒక్కోదానికి రెండు అంకెలు కావాలి. మొదటి అంకె లోపల ఎవర్నీ అడగక్కర్లేదు. రెండో అంకె వరకు చేసేసి, సాయంత్రం చెప్పాలి. అది దాటితే పెద్దాయనే.

అంకెలు రాబట్టడమే అసలు విద్య. "ఎంతవరకు ఇవ్వచ్చు?" అని అడిగితే ఏ యజమానైనా "నన్ను అడిగి ఇవ్వండి" అనే అంటారు. అలా అడగొద్దు. జరిగినవి ముందు పెట్టండి. కంపెనీలో నాలుగేళ్లు చేసి తిరిగొచ్చాక నేను బాబాయిని ఇలా అడిగాను: "ఆ రోజు మేస్త్రీకి మీరుంటే ఇచ్చేవారా?" ఇచ్చేవాణ్ణే. "పాత బాకీ ఉండి ఉంటే?" ఇవ్వను. "రూ.80,000 అడిగితే?" ఆలోచిస్తాను. "కొత్త మనిషైతే?" రూ.5,000 దాటనివ్వను. ఇలాంటివి ఓ పది అడిగేసరికి ఆయన బుర్రలో ఇన్నేళ్లుగా ఉన్న రూల్ కాగితం మీదికి వచ్చేసింది. పాత బాకీ లేని ఖాతాదారుకి రూ.25,000 వరకు గుమాస్తా గారి ఇష్టం, రూ.50,000 వరకు ఇచ్చి చెప్పాలి. యజమాని మనసులో రూల్ లేక కాదు, దాన్ని ఎవరూ ఇలా అడగరు, అంతే.

పట్టిక రాసిన మొదటి ఏడాదే ఒకతను రూ.18,000 ఎగ్గొట్టాడు. లిమిట్ లోపలే ఇచ్చిన అప్పు. ఆ రోజు నాకు చాలా టెన్షన్‌గా ఉంది. బాబాయి కాగితం తెప్పించుకుని, "పాత బాకీ లేని" అన్నదాని పక్కన "గత మూడు నెలల్లో కొన్న" అని తన చేత్తో చేర్చి, తిరిగి ఇచ్చేశారు. గుమాస్తా గారు దాన్ని గల్లాపెట్టె మూత లోపలి వైపు అంటించుకున్నారు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేసి అడగడం బాగా తగ్గింది. లిమిట్ లోపల తీసుకున్న నిర్ణయం బెడిసికొడితే లిమిట్ మార్చండి, మనిషిని నలుగురిలో తిట్టొద్దు. ఒక్కసారి తిడితే మళ్లీ ప్రతిదానికీ ఫోనే.

పెద్ద కంపెనీల నుంచి తప్పకుండా తెచ్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆర్డరు పెట్టేవాడు, సరుకు దించుకునేవాడు, డబ్బు కట్టేవాడు, ముగ్గురూ వేరువేరు మనుషులై ఉండాలి. ఇంట్లోవాళ్లే చూసుకునే చోట ఈ మాట అంటే "నన్ను అనుమానిస్తున్నావా?" అని నొచ్చుకుంటారు. "రేపు లెక్క తేడా వస్తే నీ మీద మాట రాకుండా" అని చెప్పండి. అది నిజం కూడా.

మీరు కంపెనీ ఉద్యోగి అయితే చేరిన మొదటి వారంలోనే డీఓఏ అడిగి చదవండి. "ఇది ఎవరి లిమిట్‌లో ఉంది?" అన్న ఒక్క ప్రశ్న చాలా రోజులు మిగులుస్తుంది. కంపెనీకి సరుకిచ్చే చిన్న తయారీదారైతే పర్చేజ్ ఆర్డరు నంబరు లేకుండా ఇన్వాయిస్ పంపకండి, ఎంత పరిచయం ఉన్నా అది అక్కౌంట్స్ టేబుల్ దాటదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం చేసే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు సరుకు అందుకున్న 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం) చెబుతోంది. ఆ గడువు ఇన్వాయిస్ మీదే అచ్చు వేయించండి.

ఈ వారం పని: ఒకే ఒక్క రకం తీసుకోండి, అప్పు గానీ తగ్గింపు గానీ. జరిగిన పది సందర్భాలు యజమాని ముందు పెట్టి రెండు అంకెలు రాబట్టండి. ఒక పేజీలో రాసి, కింద ఆయన సంతకం తీసుకోండి. కొన్నింటి ఎదురుగా ఎంత అడిగినా "పెద్దాయనే" అని మిగిలిపోతుంది. వాటిని చెరపొద్దు, వచ్చే పాఠం వాటితోనే మొదలవుతుంది.