సర్కారు బడికి వృత్తి విద్య గ్రాంటు: బెంగళూరులో ఎలా అడగాలి?

మా ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) మొదటిసారి గ్రాంటు అడిగింది ఒక తెల్లకాగితం మీద. ‘మా హైస్కూల్లో పిల్లలకు కుట్టుపని నేర్పించండి సార్’ అని రాసి, పదిమంది తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించి ఇచ్చొచ్చాం. స్టాంపు వేసిన నకలు చేతికొచ్చింది, ఏడాది తిరిగినా డబ్బు రాలేదు. తప్పు మాదే. ఈ డబ్బు అర్జీ చూసి ఇచ్చేది కాదు, వార్షిక ప్లానులో బడి పేరు ఎక్కితేనే కదులుతుంది.

ముందు ఏ డబ్బు అడుగుతున్నారో తేల్చుకోండి

9 నుంచి 12వ తరగతి దాకా వృత్తి కోర్సులకు ప్రధాన ఆధారం సమగ్ర శిక్ష. 2018లో మొదలైన ఈ పథకంలో కర్ణాటకకు కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. కోర్సులు ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (జాతీయ నైపుణ్య అర్హతల చట్రం) కింద నడుస్తాయి కాబట్టి ఆఫీసుల్లో అందరూ వాటిని ‘ఎన్‌ఎస్‌క్యూఎఫ్’ అనే అంటారు. మీరూ అలాగే అడగండి, పని తొందరగా అర్థమవుతుంది.

అటల్ టింకరింగ్ ల్యాబ్ దారి వేరు. అది నీతి ఆయోగ్ వాళ్ళది, 6 నుంచి 12వ తరగతి పిల్లలకు. 2016లో పెట్టిన ఆ పథకంలో గ్రాంటు 20 లక్షలు: ల్యాబు ఏర్పాటుకు 10, నడపడానికి 10. అది రోబోలు, త్రీడీ ప్రింటర్ల వ్యవహారం. పదో తరగతి తర్వాత పనికి వెళ్ళే పిల్లలు ఎక్కువగా ఉన్న బడికి ఎన్‌ఎస్‌క్యూఎఫ్ మేలని నా అభిప్రాయం.

యూడైస్ చూడకుండా అడుగు వెయ్యకండి

యూడైస్ అంటే దేశంలోని బడుల వివరాలన్నీ ఉండే ప్రభుత్వ డేటాబేస్. అందులో ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. కర్ణాటకలో అది 29తో మొదలవుతుంది. (మా ఎస్‌డీఎంసీలో ఒకాయన అలవాటుకొద్దీ 28 వేసేశాడు. ‘అన్నా, అది మన ఆంధ్రా బడి అవుతుంది’ అని నవ్వుకున్నాం.) ప్లాను వేసేవాళ్ళు మీ బడికి రారు, యూడైస్‌లో ఉన్నదే చూస్తారు. గదులెన్ని, కరెంటుందా, తొమ్మిదో తరగతిలో పిల్లలెంతమంది అన్నవి హెడ్మాస్టరు పక్కన కూర్చుని చదవండి. మా బడిలో ల్యాబుకు అనుకున్న గది రికార్డులో ‘పెద్ద మరమ్మతు కావాలి’ అని ఉంది. పైకప్పు బాగుచేయించి అప్పటికి రెండేళ్ళు!

కోర్సు ఎంచుకోవడం

అందరూ ఐటీ అంటారు. బెంగళూరు కదా మరి. కానీ కోర్సుకు కావలసింది చేతిపనికి చోటు, నేర్పే మనిషి, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించడానికి దగ్గర్లో ఒక పనిచోటు. బొమ్మనహళ్ళి వైపు గార్మెంట్ ఫ్యాక్టరీలున్నాయి, అక్కడ అపారెల్ (దుస్తుల తయారీ) అడగండి. పీణ్య దగ్గరైతే ఎలక్ట్రానిక్స్ లేదా ఆటోమొబైల్. సిలబస్ గురించి బెంగ వద్దు, భోపాల్‌లోని కేంద్ర వృత్తి విద్యా సంస్థ పీఎస్‌ఎస్‌సీఐవీఈ తయారుచేసిన పుస్తకాలున్నాయి.

తెలుగువాళ్ళు ఒకటి గమనించాలి. కర్ణాటక ఎస్‌ఎస్‌ఎల్‌సీలో (పదో తరగతిలో) ఎన్‌ఎస్‌క్యూఎఫ్ సబ్జెక్టు మూడో భాష స్థానంలో వస్తుంది. తెలుగు మొదటి భాషగా చదివే పిల్లలు దీనికోసం ఏ భాష వదులుకుంటున్నారో తల్లిదండ్రులకు ముందే చెప్పండి. తర్వాత చెబితే గొడవే.

తీర్మానం, తేదీ

ఎస్‌డీఎంసీ సమావేశం పెట్టి తీర్మానం రాయించండి, కన్నడంలో. అందులో కోర్సు పేరు, గది కొలతలు, చేరేందుకు ఒప్పుకున్న పిల్లల సంఖ్య ఉండాలి. యూడైస్ ప్రతి, గది ఫోటోలు జతచేసి హెడ్మాస్టరు సంతకంతో బీఈవోకు (బ్లాక్ విద్యాధికారికి) ఇవ్వండి. దీపావళిలోపే ఇవ్వండి. జిల్లా ప్లాను రాష్ట్రానికి, రాష్ట్రం ప్లాను ఢిల్లీలోని ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డుకు వెళ్ళాలి, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. మార్చిలో పరిగెత్తినవాళ్ళు మరుసటి ఏడాది దాకా ఆగాల్సిందే.

వచ్చాక ఖర్చు పెట్టడం

అసలు కష్టం ఇక్కడ. పరికరాల పద్దు వేరు, ఏటా వచ్చే ముడిసరుకు పద్దు వేరు. మాకు మంజూరైన ఏడాది కుట్టు మిషన్లు కొన్నాక కొంత మిగిలింది. మిషన్లుండి దారం లేకపోతే ఎలా అని, ఆ డబ్బుతోనే దారం ఉండలు, బాబిన్లు, నాలుగు తానుల గుడ్డ కొనేశాం. మేం ఒక్క రూపాయి తినలేదు. అయినా ఆడిట్‌లో అభ్యంతరం రాశారు, హెడ్మిస్ట్రెస్ గారు సంజాయిషీ ఇచ్చుకోలేక సతమతమయ్యారు. కాబట్టి మంజూరు ఉత్తర్వులో ఏ పద్దు కింద ఎంతో చదివి, ఆ కాగితం నకలు బిల్లుల ఫైలులో మొదటి పేజీగా పెట్టుకోండి.

కొటేషన్ తేదీ బిల్లు తేదీ కంటే ముందుండాలి. నవ్వొస్తుంది కానీ తిరగబడేది ఎక్కువగా ఇక్కడే. వచ్చిన ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులో ఎక్కాలి; మిషన్ల మీద తెల్ల పెయింటుతో నంబరు వేసి అదే నంబరు రిజిస్టరులో రాయండి. చెల్లింపులు పీఎఫ్‌ఎంఎస్ (ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ) ద్వారానే, చేతి డబ్బు వద్దు.

చివరిగా వినియోగ పత్రం, అంటే గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే కాగితం. ఇచ్చినట్టు స్టాంపు వేయించుకున్న నకలు ఒకటి బీరువాలో, ఇంకొకటి ఎస్‌డీఎంసీ సభ్యుల్లో ఒకరి ఇంట్లో ఉంచండి. హెడ్మాస్టర్లు బదిలీ అయిపోతారు, బీరువా తాళం ఎక్కడుందో తెలుసుకోవడానికే కొత్తాయనకు నెల పడుతుంది.