మెర్జ్ చేస్తే హైదరాబాద్ మాయం: తెలుగు పేర్లు కలవకపోతే ఎక్కడ చూడాలి

సమస్య ఇలా ఉంటుంది. ఒక ఫైల్‌లో జిల్లాల వారీగా లబ్ధిదారుల లెక్కలు, ఇంకో ఫైల్‌లో అవే జిల్లాల జనాభా. రెండింట్లోనూ పేర్లు తెలుగులోనే ఉన్నాయి. పాండాస్‌లో (పైథాన్‌లో పట్టికలతో పనిచేసే లైబ్రరీ) జిల్లా పేరు మీద మెర్జ్ కొట్టారు, అంటే పేరు కలిసిన చోట రెండు పట్టికల్నీ జోడించారు. ఎర్రర్ రాలేదు. తీరా చూస్తే తెలంగాణవి 33 జిల్లాలు ఉండాల్సిన చోట ఇరవై చిల్లర ఉన్నాయి. లేదంటే పేరువారీగా లెక్కలు కూడే గ్రూప్‌బై చేస్తే హైదరాబాద్ రెండు వరుసల్లో వచ్చింది, అక్షరం పొల్లుపోకుండా ఒకేలా.

ఇక్కడ చాలామంది నేరుగా ఫజీ మ్యాచింగ్ లైబ్రరీ ఒకటి ఇన్‌స్టాల్ చేసి, దగ్గరగా ఉన్నవన్నీ కలిపెయ్ అంటారు. వద్దు. అది వరంగల్ అర్బన్‌ను తీసుకెళ్లి వరంగల్ రూరల్‌కి ముడిపెట్టినా మీకు తెలియదు. రిపోర్టు పైకి వెళ్లాక ఎవరో ఫోన్ చేసి అడిగితే తెలుస్తుంది.

ముందు ఇది చూడండి

పాండాస్ మెర్జ్‌లో మీరు ఏమీ చెప్పకపోతే అది ఇన్నర్ జాయిన్. కలవని వరుసల్ని చప్పుడు చెయ్యకుండా వదిలేస్తుంది. కాబట్టి హౌ పారామీటర్‌కి అవుటర్ అని, ఇండికేటర్‌కి ట్రూ అని ఇచ్చి మళ్లీ నడపండి. చివర్లో కొత్త కాలమ్ ఒకటి వస్తుంది. ఏ వరుస రెండు వైపులా దొరికింది, ఏది ఎడమ ఫైల్‌లోనే ఉంది, ఏది కుడి ఫైల్‌లోనే ఉంది అన్నది అందులో ఉంటుంది. ఒక్క వైపే ఉన్న పేర్లని తీసి, సార్ట్ చేసి, పక్కపక్కన పెట్టి చూడండి. రెండు నిమిషాల పని. దీన్ని దాటేసి ఎన్‌కోడింగ్ గురించి గంటలు గంటలు వెతికేవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది.

ఆ జాబితాలో తేడా కంటికే కనబడితే విషయం తేలిపోయినట్టే. హన్మకొండ, హనుమకొండ. కరీంనగర్, కరీమ్‌నగర్. మల్కాజ్‌గిరి, మల్కాజిగిరి. ఇవి స్పెల్లింగ్ తేడాలు, ఏ ఫంక్షనూ తీర్చలేదు. పాత పేరు, సరైన పేరు అని రెండు కాలమ్‌ల పట్టిక ఒకటి చేత్తో రాసుకోండి. ఫైల్ ఏ ఏడాదిదో కూడా చూడండి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అంతకుముందు ఫైల్‌లో అనకాపల్లి జిల్లా లేదని ఆశ్చర్యపోనక్కర్లేదు.

తేడా కంటికి కనబడకపోతే

అసలు తిప్పలు ఇక్కడే. రెండు వైపులా హైదరాబాద్ అనే ఉంది, అయినా కలవలేదు. మీరు చివర్ల స్పేస్‌లు తీసే స్ట్రిప్ వాడే ఉంటారు. స్పేస్‌లు లేవు. మరి?

కలవని పేర్లని ఇంకోసారి చదవండి. ఆదిలాబాద్, నిజామాబాద్, వరంగల్, కరీంనగర్ కలవలేదు. ఖమ్మం, నల్గొండ, సూర్యాపేట, ములుగు శుభ్రంగా కలిశాయి. ఆగిపోయినవన్నీ పొల్లుతో ముగిసే పేర్లు. ఇలా కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు, దొంగ జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే పక్క అక్షరం వత్తుగా కలవకుండా ఆపే, కంటికి కనబడని అక్షరం. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 8204.

అది తెలుగు రాతకి అవసరమైన అక్షరమే. హైదరాబాద్‌లో అని రాయాలంటే పొల్లుకీ లో-కీ మధ్య అది ఉండాలి. లేకపోతే ల వెళ్లి ద కింద వత్తుగా చేరుతుంది. చిక్కంతా అది పేరు చివర మిగిలిపోయినప్పుడే. చిరునామాలోని హైదరాబాద్‌లోని అనే మాట నుంచి లోని కత్తిరించారనుకోండి, నాన్ జాయినర్ పేరుకే అంటుకుని ఉండిపోతుంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసినా ఇలాగే వస్తుంది. కొందరు టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత అలవాటుగా దాన్ని కొడతారు. పేరు మధ్యలో ఉంటే వత్తు తేడా చూసి పట్టేయొచ్చు. చివర ఉంటే దానికి వెడల్పే లేదు, ఏ ఫాంట్‌లోనూ కనబడదు.

స్ట్రిప్ దీన్ని తియ్యదు. పైథాన్ దృష్టిలో ఇది ఖాళీ కాదు, ఫార్మాట్ అక్షరం. ఎక్సెల్‌లో ట్రిమ్ తీసేది మామూలు స్పేస్‌నే, క్లీన్ తీసేది 0 నుంచి 31 వరకు ఉన్న కంట్రోల్ అక్షరాల్నే. రెండూ దీని జోలికి పోవు.

పట్టుకోవడం తేలిక. జూపిటర్ నోట్‌బుక్‌లో టేబుల్‌గా చూస్తే కనబడదు. అదే కాలమ్ మీద యూనిక్ పెట్టి, టోలిస్ట్ చేసి చూడండి. పేరు చివర బ్యాక్‌స్లాష్, యూ, 200సీ (8204నే హెక్స్‌లో రాస్తే ఇంతే) అని తోక కనబడుతుంది. ఎక్సెల్ మాత్రమే వాడేవాళ్లు లెన్ పెట్టండి. మామూలు హైదరాబాద్ పొడవు 9. మీకు 10 వస్తే, రైట్‌తో చివరి అక్షరం తీసి దాని మీద యూనికోడ్ ఫంక్షన్ వెయ్యండి. 3149 వస్తే అది పొల్లు, అంటే తోక లేదు. 8204 వస్తే దొరికింది.

10 వచ్చి చివర 3149 ఉంటే? అది ఇంకో రకం. తెలుగులో ఐత్వం గుర్తుని యూనికోడ్ రెండు విధాలుగా రాయనిస్తుంది. ఒకే అక్షరంగా 3144, లేదా ఎత్వం 3142 పక్కన 3158. తెర మీద రెండూ ఒకటే, కంప్యూటర్‌కి వేర్వేరు. ఈ కేసులో ఆగేవి ఐత్వం ఉన్న పేర్లే: హైదరాబాద్, భైంసా, వైరా. జిల్లా పేరుని ఫైల్ పేరు నుంచి తీసుకున్నప్పుడు, ఆ ఫైళ్లు పాత మ్యాక్ డిస్కు నుంచి వచ్చినప్పుడు ఇది ఎదురవుతుంది. ఆ డిస్కుల్లోని పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ పేర్లని ఇలా విడదీసే దాచేది. ఇక్కడ టోలిస్ట్ కూడా సాయం చెయ్యదు, ఎందుకంటే 3158 దానికి మామూలు అక్షరమే. పైథాన్‌లో కూడా లెన్ చూడాల్సిందే.

పరిష్కారం

అసలు కాలమ్‌ని ముట్టుకోకండి. నాన్ జాయినర్‌ని అక్కడే తీసేస్తే మహబూబ్‌నగర్ రిపోర్టులో మహబూబ్నగర్ అవుతుంది, తిట్లు మీకు. పక్కన జిల్లా కీ అని, మెర్జ్‌కి మాత్రమే వాడే కొత్త కాలమ్ పెట్టి, శుభ్రం చేసేదంతా అందులో చెయ్యండి.

క్రమం ఇది. మొదట ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడిపోయిన గుర్తుల్ని ఒకే అక్షరంగా కలిపేది) నార్మలైజ్ చెయ్యండి, పాండాస్ స్ట్రింగ్ ఫంక్షన్లలోనే ఉంది. ఐత్వం గొడవ దాంతో పోతుంది. నాన్ జాయినర్ మాత్రం పోదు. నార్మలైజ్ చేశాం కదా అని అక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. తర్వాత 8203, 8204, 8205, 65279 ఈ నాలుగు కనబడని అక్షరాల్నీ రిప్లేస్‌తో తీసెయ్యండి. ఆఖరున స్పేస్‌లూ హైఫన్‌లూ కూడా తీసెయ్యండి. అప్పుడు నాగర్ కర్నూల్, నాగర్‌కర్నూల్, నాగర్కర్నూల్ మూడూ ఒక్కటే అవుతాయి.

ఇదంతా ఒక ఫంక్షన్‌గా రాసి రెండు ఫైళ్ల మీదా నడపండి. ఒక్క ఫైల్‌నే శుభ్రం చేసి ఇంకా కలవట్లేదని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తర్వాత అదే అవుటర్ మెర్జ్, అదే ఇండికేటర్. ఇంకా మిగిలినవి స్పెల్లింగ్ తేడాలు, వాటికి మీ పట్టిక ఉంది.

ఎక్సెల్‌లో అయితే సబ్‌స్టిట్యూట్ లోపల యూనిక్యార్ 8204 ఇచ్చి ఖాళీతో మార్చండి. ఆ ఫంక్షన్ 2013 వెర్షన్ నుంచి ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో జాయిన్ చేసేవాళ్లకీ ఇదే గతి, కాబట్టి డేటా లోడ్ చేసేటప్పుడే కీ కాలమ్ చేసుకోండి.

మీ చేతిలో ఉంటే మాత్రం అసలు పేర్ల మీద జాయిన్ చెయ్యకండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాకీ మండలానికీ ఊరికీ కోడ్‌లు ఉన్నాయి. కోడ్ కాలమ్‌ని చదివేటప్పుడే స్ట్రింగ్‌గా చదవండి, లేకపోతే ముందు సున్నాలేమైనా ఉంటే ఎగిరిపోతాయి. ఊళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. కొత్తపల్లి, రామాపురం ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు. కోడ్ లేకపోతే జిల్లా, మండలం, ఊరు మూడూ కలిపి కీ చెయ్యాలి.

మిగతా చిన్నాచితకా

వరుసలు తగ్గకుండా పెరిగితే కుడి ఫైల్‌లో ఒకే కీ రెండుసార్లు ఉంది. వాలిడేట్ పారామీటర్‌కి మెనీ టు వన్ అని ఇవ్వండి, అదే ఆపుతుంది. కీ ఖాళీగా ఉన్న వరుసల్ని పాండాస్ ఒకదానితో ఒకటి కలిపేస్తుంది, ముందే తీసెయ్యండి. పేర్ల బదులు ప్రశ్నార్థకాలు ఉంటే సేవ్ చేసినప్పుడే అక్షరాలు పోయాయి, ఆ ఫైల్‌ని ఏమీ చెయ్యలేం, మళ్లీ పంపమనండి. తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి ఉంటే అది యూనికోడ్ కాని పాత అను ఫాంట్‌లో టైప్ చేసిందేమో చూడండి, దానికి కన్వర్టర్ వేరే ఉంటుంది.