జేబు గడియారాన్ని చదవడం – 4వ పాఠం: డ్యూబర్ కేసు

గత పాఠంలో గడియారం వెనుక మూత తెరిచి, లోపలి రాతను ఉన్నదున్నట్టు నకలు చేసుకోమని చెప్పాను. నకళ్లు చక్కగానే వచ్చాయి; వాటి కింద రాసిన నిర్ధారణలే దారి తప్పాయి. మూతలో డ్యూబర్ అన్న పేరు కనబడగానే గడియారం డ్యూబర్ వారిదని రాసినవారు కొందరైతే, ఆ పేరు కింది నంబరును పట్టుకుని తయారైన సంవత్సరాన్ని కూడా తేల్చేసినవారు మరికొందరు. ఈసారి మూతల మీది చెక్కడపు పని గురించి చెప్పవలసి ఉన్నా, దాన్ని వాయిదా వేసి, ఈ రెండు నిర్ధారణలూ ఎందుకు నిలవవో, గడియారాల కేసులు, అంటే బయటి లోహపు డబ్బాలు, చేయించిన డ్యూబర్ చరిత్రతోనే చూపిస్తాను.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో సాధారణంగా మెషీన్‌ను, అంటే గడియారాన్ని నడిపే లోపలి యంత్రాన్ని, ఒక కర్మాగారమూ కేసును మరొక కర్మాగారమూ చేసేవి. కొనేవాడు నగల దుకాణంలో వాల్తమ్ మెషీన్‌నో ఎల్జిన్ మెషీన్‌నో ఎంచుకుని, తన స్తోమతకు తగిన కేసును వేరుగా చూసుకుంటే, దుకాణదారుడు రెండింటినీ జతచేసి ఇచ్చేవాడు. సైజులు ప్రామాణికం కావడం వల్లనే ఇది సాధ్యమైంది: డయల్ కింది పలక అడ్డుకొలత 18 సైజుకు సుమారు 44.9 మి.మీ., 16 సైజుకు 43.2, 12 సైజుకు 39.8. కొలవవలసింది ఆ పలకనే తప్ప కేసును కాదు.

జర్మనీలో పుట్టి అమెరికాకు వచ్చిన జాన్ సి. డ్యూబర్ సిన్సినాటిలో కేసుల పని నేర్చుకుని, 1864లో సొంతంగా వ్యాపారం పెట్టి, తరువాత నదికి ఆవలి ఒడ్డున కెంటకీలోని న్యూపోర్ట్‌కు కర్మాగారాన్ని తరలించాడు. 1886లో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని హ్యాంప్డెన్ వాచ్ కంపెనీపై పెత్తనం కొనుక్కోవడంతో కేసూ మెషీనూ ఒకే చేతి కిందికి వచ్చాయి. 1887లో పోటీ తయారీదారులు కూటమి కట్టి, డ్యూబర్ సరుకు అమ్మే టోకు వర్తకులతో తాము వ్యాపారం చేయబోమని ప్రకటించారు. డ్యూబర్ కోర్టుకెక్కాడు, వ్యాపార గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే 1890 నాటి షెర్మన్ చట్టం కింద తొలినాళ్లలో నడిచిన దావాల్లో అదీ ఒకటి, కానీ అతడికి అచ్చిరాలేదు. ఈలోగా 1888లో ఒహాయోలోని క్యాంటన్ పట్టణం స్థలమూ సొమ్మూ సమకూర్చగా రెండు కంపెనీలనూ అక్కడికి మార్చాడు. అందువల్ల హ్యాంప్డెన్ మెషీన్ మీద స్ప్రింగ్‌ఫీల్డ్ అని ఉంటే తరలింపుకు ముందుదనీ, క్యాంటన్ అని ఉంటే తరువాతిదనీ పెద్దగా సందేహించకుండా చెప్పవచ్చు. ఊరి పేరు ఇంత సాయం చేస్తుంటే దాన్ని వదిలి కేసు నంబరు వెంట పరుగెత్తడం నాకు అర్థం కాదు.

ఆ నంబరు సంగతి కాస్త నిదానంగా చూద్దాం. మూత, అద్దపు చట్రం, లోపలి పలుచని మూత, వీటన్నింటినీ ఒక్కో కేసుకు విడిగా సరిచూసి అమర్చేవారు. మెరుగు పెట్టేటప్పుడు పదుల కేసుల భాగాలు ఒకేచోట కలిసిపోతాయి కనుక, ఏ మూత ఏ చట్రానిదో తిరిగి పోల్చుకోవడానికి వాటిపై ఒకే నంబరు కొట్టేవారు. కొన్ని భాగాలపై చివరి అంకెలు మాత్రమే ఉంటాయి. నంబర్లు కలవకపోతే, ఏదో ఒక భాగం వేరే కేసు నుంచి వచ్చిందని అర్థం. ఆ నంబరు నమ్మకంగా చెప్పేది అంతవరకే. ఏ నంబరు ఏ సంవత్సరానిదో చూపే పట్టికలలో వెతకవలసింది మెషీన్ మీది నంబరును. కేసు నంబరును తీసుకువెళ్లి హ్యాంప్డెన్ మెషీన్ల పట్టికలో వెతికితే ఏదో ఒక సంవత్సరం దొరకకపోదు, అది నమ్మశక్యంగానూ ఉంటుంది, అసలు ప్రమాదమంతా అక్కడే. "20 సంవత్సరాల గ్యారంటీ" అన్న రాత కూడా ఇలాంటిదే: అది ఇత్తడికి రెండువైపులా అతికిన బంగారు రేకు అరగకుండా ఉండవలసిన కాలం, గడియారం వయసు కాదు. అటువంటి కేసు అరిగిందో లేదో తెలియాలంటే గొలుసు తగిలించే వలయాన్నీ కీలు అంచులనూ చూడాలి. ఇత్తడి ముందుగా బయటపడేది అక్కడే.

డ్యూబర్ సిల్వరీన్ అని ఉన్న కేసులో వెండి లేదు. అది నికెల్ కలిసిన మిశ్రలోహం. మరో కేసుల కంపెనీ కీస్టోన్ వారి సిల్వరాయిడ్‌దీ అదే కథ. అయస్కాంతం ఈ లోహానికీ అంటదు, వెండికీ అంటదు కనుక ఆ పరీక్ష వృథా. ఆమ్లం జోలికి ఇంట్లో పోవద్దు, రాత చదివితే సరిపోతుంది. నా మటుకు నాకు అరిగిన బంగారు రేకు కేసు కన్నా గట్టి సిల్వరీన్ కేసే ఇష్టం.

నేనైతే రాత కన్నా ముందు స్క్రూల గుర్తులు చూస్తాను. మెషీన్‌ను పట్టి ఉంచే స్క్రూల తలలు కేసు లోపలి అంచు మీద గీతలు వదులుతాయి. ఇప్పుడు స్క్రూలు ఉన్నచోట కాక మరోచోట కూడా గీతలు ఉంటే, ఆ కేసులో ఒకప్పుడు వేరే మెషీన్ ఉండేదని అనుకోవాలి. గీతలు ఒకే జత ఉన్నంతమాత్రాన అది తొలి జత అని రుజువు కాదు.

డ్యూబర్ 1907లో మరణించాడు. క్యాంటన్ కర్మాగారం 1927లో రిసీవరు, అంటే అప్పుల్లో పడ్డ సంస్థకు కోర్టు నియమించే నిర్వాహకుడి, చేతికి వెళ్లింది. 1930లో సోవియట్ వ్యాపార సంస్థ ఆమ్‌టోర్గ్ యంత్రాలను కొని మాస్కోకు తరలించగా, పనివారికి నేర్పడానికి క్యాంటన్ పాత ఉద్యోగులు 21 మంది వెంట వెళ్లారు. మాస్కోలో మొదట తయారైన జేబు గడియారపు మెషీన్ 43 మి.మీ.లది, అంటే మనం పైన చూసిన 16 సైజే. కనుక రష్యన్ డయల్ కింద హ్యాంప్డెన్ పోలికలు కనబడితే కంగారుపడి నకిలీ అని రాయకండి.

అభ్యాసం: డ్యూబర్ కేసులో వాల్తమ్ మెషీన్ ఉంది, మెషీన్ నంబరు పట్టికలో 1891ని చూపుతోంది, అంచు మీద స్క్రూల గీతలు రెండు జతలు ఉన్నాయి, మూతపైనా చట్రంపైనా నంబర్లు కలుస్తున్నాయి. కేసుకూ మెషీన్‌కూ వేర్వేరుగా వీలైన తొలి, చివరి సంవత్సరాలను రాయండి. 1887 నాటి బహిష్కరణను లెక్కలోకి తీసుకుంటూ, ఈ జత దుకాణంలోనే కుదిరిందా తరువాత కుదిరిందా అన్నదానికి రెండువైపులా వాదన రాయండి. ఒకే వైపు రాసిన జవాబులను చూడను.