200 డిగ్రీలు పెట్టినా మాడు వాసన: నా వేప్ (ఈ-సిగరెట్) ఇలా దారికొచ్చింది

నేనుండేది బర్మింగ్‌హామ్‌లో. (ఇండియాలో వేప్ 2019 నుంచి నిషేధం, సూట్‌కేసులో వేసుకుని వెళ్లకండి.) టెంపరేచర్ మోడ్‌లో 200 డిగ్రీలు పెట్టినా, నాలుగో పఫ్‌కే లోపల లిక్విడ్ పీల్చుకునే దూది మాడిన రుచి. దూది మార్చాను, లిక్విడ్ మార్చాను, వాట్లు తగ్గించాను. ఊహూఁ.

ఇందులో విడిగా థర్మామీటరేమీ ఉండదు. తీగ వేడెక్కేకొద్దీ పెరిగే రెసిస్టెన్స్‌ను బట్టి పరికరం లెక్క కడుతుంది. నేనేమో కాయిల్ (ఆ తీగ చుట్ట) వేడిగా ఉండగానే 0.53 ఓమ్స్ దగ్గర లాక్ చేశాను, అంటే చల్లగా ఉన్నప్పటి రెసిస్టెన్స్ అదేనని పరికరానికి చెప్పినట్టు. చల్లారాక చూస్తే 0.50! ఆ కాస్త తేడాకే అసలు వేడి 270 దాటుతుంది, లెక్క వేసి చూశాను.

ముందు కాయిల్ స్క్రూలు బిగించాను. ట్యాంక్ కింది కాంటాక్ట్‌ను స్పిరిట్ దూదితో తుడిచాను. లాక్ తీసేసి, అరగంట అసలు ముట్టుకోలేదు. అంకె 0.50 దగ్గర కదలకుండా నిలిచాక మళ్లీ లాక్ చేసి, టీసీఆర్ (వేడికి తీగ రెసిస్టెన్స్ ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) 92 ఇచ్చాను. నాది ఎస్‌ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీల్) తీగ.

వారమైంది, మాడు రుచి లేదు. స్క్రూలు బిగించడం వల్లా, చల్లగా లాక్ చేయడం వల్లా అంటే నాకైతే రెండోదే అనిపిస్తోంది. మీది కాంతల్ తీగైతే మాత్రం ఇది పనికిరాదు, దాని రెసిస్టెన్స్ వేడికి దాదాపు మారదు.