ఏసీ కొనే ముందు గ్యాస్ పేరు చదవండి

• బయటి యూనిట్‌పై అంటించిన పట్టీలో చిన్న అక్షరాలతో గ్యాస్ పేరు, బరువు ఉంటాయి. ధర అడిగే ముందు అది చూడండి.

• ఆర్-22 ఉన్న పాత ఏసీ ఎంత చవకగా వచ్చినా వద్దు. ఓజోన్ పొరను దెబ్బతీసే ఈ గ్యాస్ వాడకాన్ని మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం 2030 కల్లా దాదాపు ఆపేయాలి. లీకైతే మళ్లీ నింపించడం ఏటేటా కష్టమవుతుంది.

• ఆర్-410ఎ ఓజోన్‌కు హాని చేయదు; కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 2,088 రెట్లు. ఆర్-32 అయితే 675. మాంట్రియల్ ఒప్పందానికే తర్వాత చేసిన కిగాలీ సవరణ కింద 2032 నుంచి వీటికీ కోత తప్పదు.

• ఆర్-290 అంటే ప్రొపేన్. నాకు నచ్చేది ఇదే. అయితే మండే గుణం ఉంది, శిక్షణ పొందిన మెకానిక్ తప్పనిసరి.

• పాత ఏసీ విప్పేటప్పుడు బుస్సుమని శబ్దం వస్తే వెంటనే ఆపించండి. గ్యాస్‌ను సిలిండర్‌లోకే పట్టించండి.