విడాకుల కేసులో ఇంటి విలువ కట్టించడం: ఏ కాగితం సరిపోదు, ఏది కావాలి

విడాకుల కేసు నడుస్తుండగా ఇంటి విలువ తేల్చాల్సి వస్తే నెల్లూరులో చాలామంది ముందు బ్రోకర్ల చేతికి చిక్కుతున్నారు. “రిజిస్ట్రార్ ఆఫీసు వాల్యూ సర్టిఫికెట్ తెప్పిస్తాం, కోర్టుకు అది చాలు” అని చెప్పి వేలు తీసుకుంటారు. తీరా చూస్తే అది స్టాంపు డ్యూటీ లెక్కకు ప్రభుత్వం పెట్టిన రేటు. ఆ రేట్లు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఈ రోజు అమ్మితే మీ ఇంటికి ఎంత వస్తుందో ఆ కాగితం చెప్పదు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

కావాల్సింది రిజిస్టర్డ్ వాల్యుయర్ (ఆస్తి విలువ కట్టే నమోదైన నిపుణుడు) ఇచ్చే రిపోర్టు. ఆదాయపు పన్ను శాఖలో నమోదైనవారా అని అడిగి, రిజిస్ట్రేషన్ నంబరు రిపోర్టు మీద ఉండేలా చూసుకోండి. రిజిస్టర్డ్ డాక్యుమెంటు, లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), తాజా ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదు, లోను ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ సిద్ధం చేసుకోండి. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు.

లెక్క తప్పేది కొలతల దగ్గర. మన దగ్గర స్థలం బేరం అంకణాల్లో జరుగుతుంది, ప్రభుత్వ రేటు గజాల్లో ఉంటుంది. నెల్లూరు అంకణం 8 గజాలు, అంటే 72 చదరపు అడుగులు. 30 అంకణాల స్థలం 240 గజాలు. పక్కింటివాళ్లు చెప్పిన అంకణం రేటును గజం రేటు పక్కన పెట్టి “ఇంత తేడానా!” అని టెన్షన్ పడేవాళ్లున్నారు. తిరుపతి వైపు అంకణం ఇంకా చిన్నది కాబట్టి అక్కడి రేటుతో పోల్చుకోవద్దు. రిపోర్టులో గజాలు, చదరపు అడుగులు రెండూ రాయమనండి. పైన రేకుల గదో, ప్లాన్‌లో లేని అంతస్తో వేసి ఉంటే దాచకండి. వాల్యుయర్ ఇంటికొచ్చి కొలిచేటప్పుడు అది ఎలాగూ బయటపడుతుంది.

ఇంట్లో ఉన్నవాళ్లు వాల్యుయర్‌ను లోపలికి రానివ్వకపోతే గొడవకు దిగొద్దు, తాళం పగలగొట్టొద్దు. కమిషనర్‌ను (ఇల్లు చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు పంపే వ్యక్తి) నియమించమని మీ లాయరు ద్వారా కోర్టులో పిటిషన్ వేయించండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద ఆస్తి మార్కెట్ విలువ తేల్చడానికి కమిషనర్‌ను వేసే అధికారం కోర్టుకు ఉంది. ఫీజు కోర్టు చెప్పినంత కట్టాలి. కమిషనర్ ఇచ్చిన రిపోర్టే ఆఖరు మాట కాదు. దాని మీద అభ్యంతరాలు చెప్పొచ్చు, కోర్టు అనుమతితో కమిషనర్‌నే విచారించొచ్చు.

ఒక మాట ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా చెప్పాలి. విలువ తేలినంత మాత్రాన సగం వాటా దానంతటదే రాదు. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, డబ్బు ఎవరు పెట్టారు అన్నది కోర్టు చూస్తుంది. మీ బంగారం అమ్మి కట్టిన ఇల్లయితే ఆ రసీదులు, బ్యాంకు ఎంట్రీలు ఇప్పుడే వెతికి పెట్టుకోండి. రాజీ కుదిరినా సరే, రిపోర్టు చేతికి రాకముందు ఏ అంకె మీదా సంతకం చేయకండి. లోను ఇద్దరి పేరు మీద ఉంటే, మీ పేరు తీసేస్తున్నట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆ బాకీ మీ మీద కూడా ఉన్నట్టే.