పిల్లలకు మూత్రం అడ్డుపడితే: ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు ఆగాలి

మగబిడ్డ చుక్కలు చుక్కలుగా పోస్తున్నాడు, ముక్కుతున్నాడు, పొత్తికడుపు గట్టిగా తగులుతోంది

కారణం: మూత్రనాళంలో పుట్టుకతో అడ్డుగా ఉన్న పలుచని పొర కావచ్చు. డాక్టర్లు పీయూవీ అంటారు. ఇది మగపిల్లలకే వస్తుంది. అడ్డు మూత్రసంచి కింద ఉంది కాబట్టి ఒత్తిడి రెండు కిడ్నీల మీదా పడుతుంది.

ఏం చేయాలి: ఆ రోజే పీడియాట్రిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. బార్లీ నీళ్లతో పొర తెరుచుకోదు; ఆరు నెలల లోపు బిడ్డకు ఆ నీళ్లు అసలు పట్టకూడదు. ముందు సన్నని గొట్టం వేసి మూత్రం బయటికి తీస్తారు, రక్తంలో లవణాలు సరిచేస్తారు. ఎంసీయూ అనే ఎక్స్‌రే తీశాక, మూత్రనాళంలోంచి కెమెరా గొట్టం పంపి పొరను తొలగిస్తారు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. కానీ మూత్రసంచి అప్పటికే మందంగా, మొండిగా తయారై ఉంటుంది. కిడ్నీలు ఏళ్ల తర్వాత కూడా దెబ్బతినొచ్చు, కాబట్టి బిడ్డ పెద్దవాడయ్యేదాకా చెకప్‌లు ఆపకూడదు.

కడుపులో ఉండగానే స్కాన్‌లో ఒక కిడ్నీ వాచిందన్నారు, పుట్టాక బిడ్డ బాగానే ఉంది

ఇక్కడే ఇంట్లో టెన్షన్ ఎక్కువ, ఆపరేషన్ అవసరం తక్కువ. వాపు ఉన్నంత మాత్రాన అడ్డు ఉన్నట్టు కాదు. చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. పుట్టిన మొదటి రెండు రోజుల్లో మూత్రం తక్కువ కాబట్టి వాపు ఉన్నా స్కాన్‌లో తక్కువగా కనిపించవచ్చు. అందుకే ఆ తర్వాత ఒకసారి, నాలుగు నుంచి ఆరు వారాలకు మరోసారి తీస్తారు. రెండు కిడ్నీలూ వాచినా, పీయూవీ అనుమానం ఉన్నా మాత్రం ఆగరు.

వాపు ఎక్కువగా ఉంటే ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసే ఐసోటోప్ స్కాన్ చేస్తారు. వాచిన కిడ్నీ వాటా 40 శాతం కన్నా తక్కువున్నా, వాపు పెరుగుతున్నా, నొప్పి, ఇన్ఫెక్షన్ వస్తున్నా పైలోప్లాస్టీ అనే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. కిడ్నీ, యురెటర్ (కిడ్నీ నుంచి మూత్రసంచికి మూత్రం తెచ్చే గొట్టం) కలిసేచోట ఇరుకు భాగం కోసి మళ్లీ కలుపుతారు. ఫలితాలు చాలా బాగుంటాయి. మూత్రం సాఫీగా దిగేందుకు లోపల స్టెంట్ అనే సన్నని గొట్టం పెడితే తీయించే తేదీని ఇంటికి రాకముందే రాయించుకోండి. మర్చిపోయిన స్టెంట్ చుట్టూ రాళ్లు పేరుకుంటాయి.

బడికెళ్లే పిల్లకు అప్పుడప్పుడు కడుపునొప్పి, వాంతులు, మళ్లీ మామూలే

గ్యాస్, నులిపురుగులు అంటూ మందులు వాడుతూ పోతారు. పైన చెప్పిన కిడ్నీ, యురెటర్ మధ్య ఇరుకే కారణం కావచ్చు. నొప్పి ఉన్నప్పుడే స్కాన్ తీయించండి. తగ్గాక తీస్తే మామూలుగా కనిపించవచ్చు.

జలుబు, దగ్గు లేకుండా జ్వరం

మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. యాంటీబయోటిక్ మొదలుపెట్టేలోపే మూత్రం కల్చర్‌కు (ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకు) ఇవ్వాలి. అంటించే సంచిలో పట్టిన మూత్రానికి చర్మం మీది క్రిములు కలుస్తాయి, ఆ రిపోర్టు నమ్మలేం. అడ్డు వెనక చీము పడితే మందులొక్కటే చాలవు, గొట్టం వేసి తీయాలి.

మగబిడ్డ మూత్రం పోసేటప్పుడు అంగం ముందు చర్మం బుడగలా ఉబ్బుతోంది

ధార బాగుంటే, నొప్పి, ఎర్రదనం లేకపోతే చిన్న వయసులో ఇది చాలావరకు సహజమే. నూనె రాసి బలవంతంగా వెనక్కి లాగకండి. చర్మం చిట్లి మచ్చ కడితే లేని అడ్డు మనమే తెచ్చినట్టవుతుంది.